మూసిన తలుపు

“మూసేసి వచ్చావా? మా అమ్మను లోపల పెట్టి తలుపు మూసేసి వచ్చావా వదినా?”

పక్క వీధి నుంచి చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చిన ఆడపడుచు కేకకు, గేటు దగ్గర గుమిగూడిన వాళ్లంతా ఇటు తిరిగారు. కోడలు రెండు అరచేతులూ దగ్గరగా చేర్చి, కన్నీళ్లతో నిలబడి ఉంది. పొగకు ఆమె గొంతు పూర్తిగా పోయింది. మేడమీద అత్తగారి గది తలుపు తీసి ఉందా, మూసి ఉందా అని ఫైరాఫీసరమ్మ అడిగిన ప్రశ్నకు ఆ చేతులే జవాబు.

“మంచిది. ఆ గది కిటికీ ఎటువైపు తల్లీ?”

కోడలు తూర్పు గోడ వైపు వేలు చూపింది.

“మంచిదంటారేమిటండీ!” ఆడపడుచు ఆఫీసరమ్మ మీదికి తిరిగింది. “మోకాలు వాచి మా అమ్మ మూడు రోజులుగా మంచం దిగలేదు. ఈవిడగారు మాత్రం చక్కగా తన ప్రాణం దక్కించుకుని వచ్చేసింది!”

మంట కింద వంటింట్లో ఉంది. పొగ మెట్ల మీదుగా పైకి పోతోంది. బార్లా తెరిచి ఉన్న వీధి తలుపును ఆఫీసరమ్మ ముందుగా దగ్గరికి వేయించింది. అంతలో ఎదురింటి పెద్దమనిషి ఒక ఇటుక పుచ్చుకుని హాలు కిటికీకి గురిపెట్టాడు.

“దించండి సార్ ఆ ఇటుక!”

“పొగ బయటికి పోవద్దా అమ్మా?”

“పొగ పోయేలోపల గాలి లోపలికి పోతుంది. గాలి చాలక మంట సతమతమవుతోంది. దానికి మీరెందుకండీ విసనకర్ర పట్టడం?”

పెద్దమనిషి ఇటుకను ఎక్కడ పెట్టాలో తోచక చంకలో పెట్టుకున్నాడు.

ఫైరింజను వాళ్లిద్దరు పైపు లాక్కుంటూ వంటింటి పెరటి గుమ్మం వైపు పోయారు. వాళ్ల జట్టులోనే అందరూ ‘పొడుగు’ అని పిలిచే మనిషి తూర్పు గోడకు నిచ్చెన వేశాడు.

“లోపల కాలు పెట్టగానే ముందు తలుపు చూడు. సందు కనిపిస్తే మూసెయ్యి. ఆ తరవాతే మనిషిని వెతుకు,” అన్నది ఆఫీసరమ్మ.

“విన్నారా, ఇంకా మూయమంటోంది!” ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. “మీకు మనిషికన్నా తలుపు ఎక్కువా?”

“ఆ చెక్కే ఇప్పుడు మీ అమ్మగారికి అడ్డం నిలబడి ఉందమ్మా. అది తీసి ఉంటే ఈపాటికి మెట్ల మీది పొగంతా ఆ గదిలోనే ఉండేది.” ఆఫీసరమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. “మూసి మంచి పని చేశావు తల్లీ.”

కోడలు కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ మెప్పును మోయలేకపోతోంది కాబోలనుకున్నది ఆఫీసరమ్మ.

గేటు దగ్గర ఎవరో “అత్తాకోడళ్లు కదా మరి” అన్నారు. ఇంకెవరో సాగదీసి నిట్టూర్చారు. మాట పెగలని మనిషి మీద నింద వేయడం ఎంత తేలికో! ఎదుటినుంచి జవాబు రాదు. వేసినవాళ్లదే న్యాయం అవుతుంది.

వాకీటాకీ గరగరలాడింది.

“మేడమ్, పెద్దామె దొరికింది. ఊపిరి ఉంది. మంచం మీద లేదు. తలుపు దగ్గర నేలమీద పడి ఉంది.”

“తలుపు బాదీ బాదీ పడిపోయింది మా అమ్మ!” ఆడపడుచు కోడలి జబ్బ పట్టుకుని కుదిపేసింది. “ఏం పాపం చేసిందే నీకు?”

ఆఫీసరమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చింది. కానీ ఆమెకూ ఒక అనుమానం వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది: “బయట గడియ గానీ పెట్టావా తల్లీ?”

కోడలు నోరు తెరిచింది. దగ్గు తప్ప ఏమీ రాలేదు.

పెద్దామెను భుజాన వేసుకుని ఆ పొడుగు మనిషి నిచ్చెన దిగాడు. గడ్డి మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు, ముక్కుకు ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. తెల్లని జుట్టు మసిబారి ఉంది. ఆవిడ కళ్లు కూతురి ముఖాన్ని దాటుకుని, ఇంకెవరినో వెతికి, కోడలి మీద ఆగాయి.

“అమ్మా, నువ్వే చెప్పు, అందరూ వింటారు. తలుపు వేసింది వదినేగా?”

పెద్దామె మాస్క్ పక్కకు జరిపి, కోడలి చెయ్యి పట్టుకున్నది.

“దాన్నేమీ అనకే. నన్ను వీపున వేసుకుంటే గానీ దిగనని భీష్మించుకు కూర్చుంది, మొండిఘటం. మెట్ల మీద ఇద్దరం పోయేవాళ్లం. తడిగుడ్డ తెమ్మని దాన్ని గది దాటించి, గోడ పట్టుకుని లేచి, గడియ నేనే పెట్టుకున్నాను.”