చక్కెర ఉన్న ఒక్క సీసా

"చక్కెర ఉన్న కూల్‌డ్రింక్ ఒకటి ఉందా బాబూ?"

"ఉండది సార్. బోర్డు సూడలే?" అన్నాడు కమాల్.

అమీర్‌పేట మెట్రో మెట్ల పక్కనున్న అతని షాపుకి నెల క్రితమే ఆ బోర్డు వచ్చింది. 'ఇక్కడ అన్నీ చక్కెర లేనివే' అని.

షుగర్ జబ్బుతో తండ్రి ఖలీద్‌కి కాలివేళ్లు రెండు తీసేశారు. ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే కమాల్ చక్కెర ఉన్న సీసాలన్నీ వెనక్కి పంపేశాడు. నిమ్మసోడాలో కూడా చక్కెర మానేసి వేరే తీపి పొడి వేస్తున్నాడు.

నా చేత్తో ఎవరికీ చక్కెర పొయ్యను అని ఒట్టు పెట్టుకున్నాడు. పాత గిరాకీ సగం పక్క షాపులకి పోయినా బోర్డు దించలేదు.

"మంచి పని చేశారు," అన్నాడు సీసా అడిగిన పెద్దాయన. "కానీ ఒక్క సీసా చక్కెర ఉన్నది ఉంచండి. ఒంట్లో షుగర్ ఉన్నట్టుండి పడిపోయినవాళ్లకి అదే మందు."

"పడిపోతే పంజాగుట్టల దవాఖానలు మస్తున్నయ్ సార్. నాది దుకాణం."

"అక్కడిదాకా వెళ్లే వ్యవధి ఉండదు బాబూ."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. భుజాన గుడ్డ సంచి, నోట అదే మాట.

"కమాల్ భాయ్, చక్కెర తాతొచ్చిండు!" పక్కన టీ కొట్టు నరేశ్ కేకేసేవాడు.

తాత కూడా నవ్వేవాడు. నవ్వి, మళ్లీ అదే మాట అడిగేవాడు.

మూలన కుర్చీలో కూర్చున్న ఖలీద్‌కే జాలేసింది. "ఉంచరాదురా ఒకటి. ఏం పోతది?"

"మీరు చుప్ ఉండున్రి అబ్బాజాన్. ఉంచితే ఫస్టు మీరే తాగుతరు."

ఖలీద్ దొంగనవ్వు నవ్వాడు.

ఎనిమిదో రోజు కమాల్ ఓపిక చచ్చిపోయింది. నలుగురు గిరాకీల ముందే అడిగేశాడు.

"ఏ కంపెనీ మనిషివి నువ్వు? సీసాకెంత కమీషన్ ఇస్తున్రు? రేపు మళ్ల ఈడ కనవడితే ఇజ్జత్ పోతది, చెప్తున్న!"

పెద్దాయన మొహం చిన్నబోయింది. కానీ గొంతు మారలేదు.

"మీరు తిట్టండి బాబూ. ఉంచేదాకా నేను వస్తాను."

మర్నాడు పొద్దున్నే వాన.

ఖలీద్ ఇంట్లో ఇన్సులిన్ వేసుకుని, ఏమీ తినకుండానే కొడుకుతో పాటే షాపుకి వచ్చేశాడు. నాష్టా డబ్బా కోడలు కుల్సుం వెనకాల తెస్తానంది. ఆమె ఎక్కిన ఆటో పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది.

గంట గడిచింది. ఖలీద్ చేతులు వణకడం మొదలుపెట్టాయి. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"అబ్బాజాన్, ఏమైంది?"

ఖలీద్ కొడుకు మొహంలోకి అయోమయంగా చూశాడు.

"నువ్వెవరు?"

షుగర్ పడిపోయింది, తియ్యటిది ఏదైనా ఇవ్వాలి. అంతవరకు కమాల్‌కి గుర్తొచ్చింది. ఫ్రిజ్‌లోంచి సీసా లాగి, మూత తీసి, తండ్రి నోటికి పెట్టాడు.

"తాగున్రి, తియ్యగున్నది. జర తాగున్రి."

ఖలీద్ సగం సీసా తాగాడు. చెమట ఆగలేదు. కమాల్ రెండో సీసా తీశాడు. ఖలీద్ తల పక్కకి వాలిపోతోంది.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ సీసాని పట్టుకుంది.

"అందులో చక్కెర లేదు బాబూ! ఆ తీపి నాలుక వరకే. ఒంటికేమీ అందదు."

కమాల్ ఫ్రిజ్ వైపు చూశాడు. షాపులో ఉన్నవన్నీ అవే. వానకి నరేశ్ టీ కొట్టు కూడా ఇంకా తెరవలేదు.

పెద్దాయన అప్పటికే సంచిలోంచి తన సీసా తీశాడు.

"అన్నగారూ, మింగగలరా?"

ఖలీద్ తల ఊపాడు. పెద్దాయన ఒక్కొక్క గుక్కే పట్టించాడు. పెదాల పక్కన కారింది తన కండువాతోనే తుడిచాడు. రెండో చెయ్యి ఖలీద్ వీపు మీదనుంచి తియ్యలేదు.

పావుగంటకి ఖలీద్ చూపు కుదుటపడింది.

"కమాల్, నా నాష్టా ఏదిరా?"

కమాల్ ఏడ్చేశాడు. వెంటనే తండ్రిని ఆటోలో దవాఖానకి తీసుకెళ్లాడు. ఆ తొందరలో పెద్దాయనకి ఒక్క మాటా చెప్పలేదు.

సాయంత్రం తిరిగొచ్చి, చక్కెర ఉన్న సీసాలు ఒక ట్రే తెప్పించి అందరికీ కనబడేలా ముందు పెట్టాడు. పైన రాశాడు: 'షుగర్ పడిపోయినోళ్లకు. ఊరికెనే ఇస్తం.'

మర్నాడు ఎదురుచూశాడు. పెద్దాయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"తాత ఉండేది మధురానగర్ల పాలకేంద్రం పక్కింట్ల, మేడమీద గదిల," చెప్పాడు నరేశ్.

కమాల్‌కి ఆయన పేరు కూడా తెలియదు. వెళ్లి ఆనవాళ్లు చెప్పాడు.

"హనుమత్‌ప్రసాద్ గారా?" అంది ఇంటావిడ దుర్గాంబ. "నిన్ననే ఖాళీ చేశారండీ. ఇక్కడి షాపులన్నీ చక్కెర సీసా ఉంచడానికి ఒప్పుకున్నాయట. మెట్రో దగ్గర ఒక్కటే మిగిలిందనేవారు. మొన్న సాయంత్రం దూరం నుంచే చూసొచ్చి, అక్కడా పెట్టారండీ అని ఎంత సంతోషపడ్డారో!"

"ఏడికి పోయిండమ్మా?"

"ఇంకో పేటకి. ఎక్కడా మూణ్ణెల్లకి మించి ఉండరట."

"డాక్టర్ సాబా?"

"కాదండీ."

"మరి, ఇంట్ల ఎవరన్న షుగర్‌తోని పోయిన్రా?"

దుర్గాంబ గొంతు తగ్గించింది.

"ఆయనింట్లో ఎవరూ పోలేదండీ. పదేళ్ల కిందట ఒక కాలేజీ అమ్మాయి వణుక్కుంటూ ఒక కూల్‌డ్రింక్ షాపుకొచ్చి తియ్యటిదేదైనా ఇమ్మందట, ఇచ్చింది తాగి అక్కడే పడిపోయి మరి లేవలేదట; చక్కెర లేని సీసా మూత తీసి ఆ పిల్ల చేతికిచ్చిన షాపాయనే ఈయన."