దీపం మీద చేయి

రింగ్ రోడ్ నుంచి కార్లు బయల్దేరాయని ఫోన్ వచ్చింది. దశరథం అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకున్నాడు.

సూరత్ వచ్చిన కొత్తలో అతడు మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడిపాడు. తర్వాత కార్మికుల లీడరయ్యాడు. ఇప్పుడు గల్లీలో అందరూ "కార్పొరేటర్ సాబ్" అంటారు. ఈ రోజు కొత్త పార్టీలో చేరిక. పూలదండలతో కార్యకర్తలు ముందుగదిలో కూర్చున్నారు. భార్య లత వంటింట్లో చాయ్ మరిగిస్తోంది.

అంతలో ఎల్లవ్వ వచ్చింది. ఆమె చేతిలో సీసా. అందులో గల్లీ నల్లా నీళ్లు. అవీ చాయ్ రంగులోనే ఉన్నాయి.

"కార్పొరేటర్ సాబ్, గీ నీళ్లు జర సూడుండ్రి. నా మనుమరాలు దవాఖానల వడ్డది."

"ఇయ్యాలనే దొరికిందా అవ్వా? పెద్దలొస్తున్నరు. ఆ సీసా అవుతల వెట్టు."

"పెద్దలకే తాపుదామని తెచ్చిన."

కార్యకర్తలు నవ్వారు. దశరథం నవ్వలేదు.

"కొత్త పార్టీల వోతే నిధులొస్తయ్. అప్పుడు పైపులు మారుతయ్."

"పైపులు మారకపాయె గని పార్టీ మారవట్టె! మార్కండేయుని గుడిల దీపం మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండ్రు గదా. నల్లా బాగు చేపిస్తం, పార్టీ ఇడువమన్నరు. మనం మర్శిపోతం, దేవుడు మర్శిపోతడా?"

దశరథం విననట్టు ఫోన్ చూసుకున్నాడు.

చాయ్ ట్రేతో వచ్చిన లత గుమ్మంలోనే ఆగిపోయింది. ఎల్లవ్వ అటు తిరిగింది.

"నువ్వన్న చెప్పరాదు బిడ్డా?"

లత తల దించుకుంది. పొద్దున పూజలో దీపం వెలిగిస్తున్నప్పుడూ ఆమెకు ఆ ఒట్టే గుర్తొచ్చింది. దేవుడి ముందు పలికిన మాట మనుషుల మధ్యకు వచ్చేసరికి ఎందుకింత చిన్నబోతుంది?

"ఆయనే చూసుకుంటడవ్వా" అంది మెల్లగా.

"గదే గద బిడ్డా, అన్నీ ఆయనే."

ఎల్లవ్వ సీసాను ట్రేలో కప్పుల పక్కన పెట్టి వెళ్లిపోయింది.

బయట పటాకులు పేలాయి. కార్లు ఆగాయి. పెద్ద నాయకుడు లోపలికి వస్తూనే పార్టీ కండువా మడత విప్పాడు. దశరథం చేతులు జోడించి ఎదురెళ్లాడు. అందరూ ఫోన్లు పైకెత్తారు.

దశరథం వెనక్కి తిరిగి, భార్య చేతిలోని ట్రే అందుకుని, ఆమెను ముందుకు తోశాడు. ఆనాడు దీపం మీద చేయి పెట్టి, ఓట్లు అడిగి గెలిచిన కార్పొరేటర్ లత మెడలో కొత్త కండువా పడింది.