కుర్చీ లేకుండా

నమాజు చాప, జానమాజ్, పరిచి దాని మీద నిలబడగానే కరీమున్నీసా ఒకసారి కుర్చీ వైపు చూసింది.

ఇంట్లో ఎవరూ లేరు. కొడుకు జిలానీ అచ్యుతాపురం డ్యూటీకి వెళ్ళాడు. కోడలు బిడ్డను తీసుకుని కశింకోటలో పుట్టింటికి వెళ్ళింది. కింద వాటాలో ఇంటి ఓనరు తలుపులమ్మ ఉంటుంది గానీ, ఇందాకే సంచి పట్టుకుని రైతుబజారుకు బయల్దేరింది. ఇప్పుడు తాను పడితే చప్పుడు కూడా ఎవరికీ వినబడదు.

అందుకే ఈ రోజును ఎంచుకుంది. ఎవరున్నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టేస్తారు.

ప్లాస్టిక్ కుర్చీ గోడ పక్కనే ఉంది. నాలుగు నెలలుగా ఆమె నమాజంతా దాంట్లోనే.

నాలుగు నెలల క్రితం ఇదే గదిలో, మోకాళ్ళ మీద చేతులుంచి వంగి, తిరిగి నిటారుగా లేస్తుండగా గోడ పక్కకు జరిగింది. నేల పైకి లేచింది. చెవుల్లో హోరు. ఆ హోరులో ఎక్కడో దూరంగా జనం అరుస్తున్నట్టు. తర్వాత ఆమెకు తెలిసిందల్లా నోట్లో రక్తం రుచి. కనుబొమ్మ మీద ఆరు కుట్లు పడ్డాయి. లోపలి చెవిలో తేడా వచ్చిందనీ, తల ఎప్పుడైనా తిరగవచ్చనీ చెప్పారు డాక్టరుగారు.

"కుర్చీలోనే నమాజు చదువుకో అమ్మీ. అల్లా ఒప్పుకుంటాడు" అన్నాడు జిలానీ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన ఒప్పుకుంటాడని ఆమెకూ తెలుసు. ఒప్పుకోనిది ఆమె నుదురు. యాభై ఏళ్ళు నేలను తాకిన నుదురు.

ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు లావణ్య అనే అమ్మాయి ఒక మాట చెప్పింది. "తల తిరిగినప్పుడు కంగారుపడిపోకండమ్మా. ఎక్కడున్నారో అక్కడే ఆగండి. చూపు ఒకచోట పెట్టండి. ఒళ్ళు కుదురుకున్నాకే కదలండి."

"సిన్నప్పుడు మా నాన్న కూడా అదే సెప్పేడమ్మా" అంది కరీమున్నీసా. "రుకూలో వంగి లేత్తే ఎముకలన్నీ సోటుకి సేరేదాకా నిలబడమనేవోడు. గబగబా సదివితే మళ్ళీ మొదట్నుంచి సదివించేవోడు."

ఇప్పుడు ఆమె చేతులు ఎత్తి, కట్టుకుంది. చూపు జానమాజ్ మీద నుదురు ఆనే చోట నిలిపింది.

నాలుగు రకాతుల నమాజులో మొదటి ఆవృత్తి గడిచింది. సజ్దాలో నుదురు నేలకు తగలగానే ఏడుపొచ్చింది. భయం మాత్రం పోలేదు. లేచి నిలబడేటప్పుడు చెమటతో జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

రెండో రకాతు. వంగింది. దేవుణ్ణి స్తుతించే తస్బీహ్ మూడుసార్లు చదివింది. నిటారుగా లేచింది.

గోడ పక్కకు జరిగింది.

వచ్చేసింది, అనుకుంది. పాదాల కింద నేల పడవలా ఊగింది. మళ్ళీ అదే హోరు. వంటగదిలో గిన్నె ఏదో పడి దొర్లినట్టయింది. అదీ తన చెవుల్లోనే అనుకుంది. ఎక్కడో దూరంగా జనం అరుస్తున్నట్టు వినిపించింది. ఆ రోజు లాగే. అచ్చం ఆ రోజు లాగే.

కుర్చీ రెండడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చెయ్యి చాపడానికి తిరిగితే పడిపోతుంది.

ఆమె తిరగలేదు. కాలివేళ్ళతో జానమాజ్‌ను బిగించి పట్టుకుంది. చూపును ఆ ఒక్క చోటే నిలిపింది. ఎముకలు చోటుకు చేరేదాకా ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా మోకాళ్ళు, అరచేతులు, నుదురు.

నుదుటి కింద నేల ఇంకా వణుకుతూనే ఉంది. వణుకు పళ్ళలోకి పాకింది. కళ్ళు మూసుకుంటే ఎక్కువవుతుందేమోనని తెరిచే ఉంచింది. జిలానీ సాయంత్రం వచ్చి తలుపు కొట్టడం, ఎవరూ తీయకపోవడం, అన్నీ కళ్ళముందు ఆడాయి. చివరి ఘడియల్లో చదివే కలిమా చదువుకుంది. తస్బీహ్‌లో మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంది. ఒకటి. రెండు. మూడు.

కొంచెం తగ్గింది.

లేచి కూర్చుంది. ఒళ్ళు కుదురుకోనిచ్చింది. మళ్ళీ సజ్దా చేసింది. ఈసారి నేల నేలలాగే ఉంది.

మిగిలిన రెండు రకాతులూ ఒక్క కదలికను కూడా తొందరపెట్టకుండా పూర్తిచేసింది. చివర్లో కుడివైపు, ఎడమవైపు సలాం చెప్పడానికి తల తిప్పడమే అన్నిటికంటే భయం. తిప్పింది. పడలేదు.

అలాగే కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి లావణ్యకు చేసింది. లైను కలవలేదు. జిలానీకి చేసింది. అదీ కలవలేదు. కిందికెళ్ళి తలుపులమ్మకైనా చెబుదామని తల మీద కొంగు సర్దుకుని తలుపు తీసింది. గోడ పట్టుకోకుండా నాలుగు మెట్లు దిగింది.

తలుపులమ్మ ఎదురుగా వచ్చేస్తోంది. కాళ్ళకు చెప్పుల్లేవు. చేతిలో సంచి లేదు. రొప్పుతోంది.

"తలుపులూ, కుర్చీ లేకండా సేసేను!" అంది కరీమున్నీసా. "తల గిర్రున తిరిగిపోయింది. అయినా పడనేదు!"

తలుపులమ్మ ఆమె రెండు భుజాలూ పట్టుకుని, పైనుంచి కిందిదాకా ఒకసారి తడిమి చూసి, ఏడుపు గొంతుతో అరిచింది.

"ఊరు ఊరంతా రోడ్డు మీదకి పరిగెత్తుకొచ్చేత్తే నువ్వొక్కదానివీ మేడ మీద ఏటి సేత్తన్నావప్పా, భూకంపమొచ్చింది తెలవనేదా!"