ఏమైనా పోయిందా?

"సాయంత్రం అయిదులోపు అయిపోవాలి బాబూ. మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేసరికి కంప్యూటరు కొత్త పెళ్ళికూతురిలా ఉండాలి," అంది ఇంటావిడ, తలుపు తీస్తూనే.

ఎనిమిదిన్నరకి ఫోన్ చేసింది. తొమ్మిదిన్నరకల్లా మెకానిక్ వాలిపోయాడు. పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి కొత్తది వెయ్యాలి. అతనికి వెన్నతో పెట్టిన విద్యే. అయినా భయమే.

అతన్ని అందరూ 'పదిసార్లు' అని పిలుస్తారు. ఏది తుడిచేయాలన్నా ఒకటికి పదిసార్లు అడుగుతాడని. అడగడా మరి! ఆరేళ్ళ కిందట ఇలాగే కొత్త సిస్టమ్ వేస్తూ ఒక టీచరమ్మ ఇరవయ్యేళ్ళ ఫోటోలు గంగపాలు చేశాడు. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "నా ఫోటోలు..." అంటూ అతని మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ తిండి సయించదు. ఇంకో ఇంట్లో 'పోయింది' అన్న మాట వింటే ఈ పనికే దణ్ణం పెట్టేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. అందుకే పనయ్యాక ఇంట్లో ఉన్న ప్రతి మనిషినీ అడుగుతాడు, "ఏమైనా పోయిందా?" అని. అందరూ లేదన్నాకే చెప్పులేసుకుంటాడు.

కంప్యూటరు పడగ్గదిలో, మంచం పక్కనే ఉంది. మంచం మీద ఇంటాయన. ఏడాది కిందట జబ్బు చేసి మెడ కింద ఏదీ కదలడం లేదు. నోట మాట లేదు.

"నమస్కారం సార్," అన్నాడు మెకానిక్. ఆయన చూశాడు.

కీబోర్డు మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ముంది.

"దీన్ని వాడరామ్మా?"

"వాడేవాళ్ళెవరు బాబూ?" అంది ఆవిడ, కాఫీ అందిస్తూ.

ప్రింటరు, స్పీకర్లు, తెర నెత్తిన కూర్చున్న చిన్న కెమెరా, అన్నీ ఊడదీసి తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత లోపల ఏముందో చూశాడు. ఫోటోలు! పదకొండు వేల పైచిలుకు. వాటిని ఒక డిస్కులోకి కాపీ చేశాడు. దాని మీద నమ్మకం చాలక ఇంకో డిస్కులోకి కూడా చేశాడు. రెండు లెక్కలూ సరిపోయాకే ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. కొత్త సిస్టమ్‌లో మూడు ప్రోగ్రాములు పనిచేయవట.

"పాత ప్రింటరుది ఒకటమ్మా. టైపింగ్ పాఠాలు ఒకటి. మూడోది ఇదేదో చిన్న ప్రోగ్రాం. దాన్ని చేసిన కంపెనీ మూతపడింది. ఇప్పుడు పోతే తలకిందులుగా తపస్సు చేసినా మళ్ళీ దొరకదు."

"పోనీ."

"ఇవాళ పొద్దున ఎనిమిదీ పదికి కూడా నడిచిందే?"

"దానంతటదే నడుస్తుంది. పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది. నా తల బొప్పి కట్టేస్తోంది."

"పాత సిస్టమ్ కూడా ఓ మూల ఉంచమంటారా?"

"వద్దు బాబూ. మొత్తం తుడిచెయ్యి."

పేరుకి తగ్గట్టు పదిసార్లూ అడిగాడు. పదిసార్లూ ఆవిడ విసుక్కోకుండా అదే మాట చెప్పింది. ఇంత ఓపికున్న భార్య దొరకడం ఇంటాయన అదృష్టం అనుకుంటూ మీట నొక్కాడు.

పని నత్తనడక నడిచింది. ఇంటాయన తెర మీంచి చూపు తిప్పలేదు. పాపం, పొద్దుపోని మనిషి! మెకానిక్‌కి జాలేసింది. ఆటలో స్కోరు చెప్పినట్టు ఆయనకి హుషారుగా చెబుతూ వచ్చాడు.

"నలభై శాతం అయింది సార్... అరవై... ఇంకెంత సార్, ఎనభై దాటేసింది!"

నాలుగున్నరకి కొత్త తెర నీలంగా వెలిగింది. ఫోటోలన్నీ మళ్ళీ ఎక్కించాడు. ఒక్కటీ పోలేదు. ఇంటాయన చూసేలా వాటిని ఒకదాని తర్వాత ఒకటి తిరగనిచ్చాడు.

"ఏమైనా పోయిందామ్మా?"

"ఏమీ పోలేదు బాబూ. నాకు ప్రాణం లేచొచ్చింది."

అంతటితో బయల్దేరొచ్చు. కానీ ఒట్టు ఒట్టే. మంచం మీదికి వంగాడు.

"మీరు చెప్పండి సార్. ఏమైనా పోయిందా?"

ఆయన కళ్ళార్పాడు. ఆగాడు. మళ్ళీ ఆర్పాడు. తర్వాత ఇంక ఆగకుండా టపటపా ఆర్పుతూనే ఉన్నాడు. కణతల మీదుగా నీళ్ళు కారి దిండు తడిసింది.

"ఫోటోలు చూసి కరిగిపోయారు," అంది ఇంటావిడ, తువ్వాలుతో ఆయన కళ్ళు ఒత్తుతూ. "అన్నీ ఉన్నాయంటున్నారు."

మెకానిక్‌కి ఆరేళ్ళుగా గుచ్చుకుంటున్న ముల్లు ఇవాళ ఊడింది. ఆయన చేతిని ఆప్యాయంగా నొక్కి, సంచీ భుజాన వేసుకున్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే వాళ్ళమ్మాయి పరుగులాంటి నడకతో వచ్చింది. తల్లిని పలకరించలేదు. బ్యాగయినా దించకుండా తిన్నగా పడగ్గదిలోకి వెళ్ళింది. కుర్చీ లాక్కున్న చప్పుడు, వెనకే ఆ పిల్ల గొంతు గుమ్మం దాకా వినిపించాయి.

"నాన్నా, పొద్దున నువ్వు కళ్ళార్పుతూ తెర మీద ఒక్కో అక్షరమే రాస్తూ 'మీ అమ్మ నన్ను' దాకా వచ్చేసరికి నా బస్సు టైమైపోయింది, ఇదిగో కూర్చున్నాను, మిగతాది రాసెయ్."