పెదవుల మధ్య సూది

"మొదలుపెట్టండయ్యా! కనుమ దారి మూసేస్తే నేనిక్కడే ఉండిపోవాలి!"

ఫిక్రెత్ హోజా మళ్ళీ కిటికీ వైపు చూశాడు.

ఆ కొండ ఊరు సరికమిష్‌లో మధ్యాహ్నం నుంచి మంచు ఆగలేదు. బయట బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఫిక్రెత్ పక్క ఊరి బడిపంతులు, అందుకే అందరికీ హోజా; ఈ పాటల పోటీకి తీర్పరి. కాలు ఒక్కచోట నిలవడం లేదు.

హైదర్ చాయ్ దుకాణం గోడకు ఆషిక్ మాహిర్ వాయించిన పొడుగు మెడ తీగవాద్యం, సాజ్, వేలాడుతోంది. కథలకు పాట కట్టే ఆషిక్ కవుల్లో అంతటివాడు లేడంటారు. ఎప్పుడో ఈ కనుమ దాటుతూ మంచుతుఫానులో పోయాడు. శవం దొరకలేదు, సాజ్ దొరికింది. ఆయనది దూరపు జిల్లా, ఇక్కడ ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ ఆ తీగలు ఎవరూ తాకలేదు. ఈరోజు గెలిచినవాడికి ఇచ్చేస్తారు.

ఆషిక్ చెతిన్ సిద్ధంగా ఉన్నాడు. అతనికి ఎదురు పాడాల్సిన కవి మంచుకు జడిసి రాలేదు.

"నేను పాడతా," అన్నాడు పొయ్యి పక్కనున్న ముసలాయన. చక్కెర బిళ్ళ బుగ్గన పెట్టుకుని అప్పటిదాకా చాయ్ తాగుతున్నాడు.

"ఎవరు బాబాయ్ నువ్వు? పేరేంటి?"

"ఆషిక్‌ని పేరడుగుతారా హోజా? చివరి చరణంలో నేనే చెబుతాగా. గెలిస్తే ఆ సాజ్ నాదేనా?"

"ముందు పాడు!"

హైదర్ తన సాజ్ ఇచ్చాడు. ముసలాయన దాని మెడ కుడివైపుకు వచ్చేలా తిరగేసి పట్టుకున్నాడు.

"బాబాయ్, చొక్కా కూడా ఇలాగే తొడుక్కుంటావా?" అన్నాడు హైదర్. దుకాణమంతా నవ్వింది.

ఇద్దరి పెదవుల మధ్యా సూదులు నిలబెట్టారు. పాటలో పెదవులు కలిసే మాట ఒక్కటి దొర్లినా సూది గుచ్చుకుంటుంది. నెత్తురు కనిపిస్తే ఓడినట్టే.

చెతిన్ చక్కగా పాడాడు. కవులందరిలాగే చివరి చరణంలో తన పేరు చెప్పి ముగించాడు. పరాయి పేరుతో ఏ ఆషిక్ పాట ముగించడు.

ముసలాయన అందుకున్నాడు.

"దారి రాయిని అడిగా, దాటిన ఏటిని అడిగా, నా ఇల్లు ఎక్కడని..."

చాయ్ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. ఫిక్రెత్ కాలు కూడా ఆగింది. అలాంటి పాట అతను పుట్టాక ఎన్నడూ వినలేదు. ఈయనే గెలవాలని మనసు కొట్టుకుంది.

చివరి చరణం. ముసలాయన గోడ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇంకా దారి అడుగుతూనే ఉన్నాడు, మాహిర్."

గడ్డం మీదికి నెత్తురు జారింది.

"అయ్యయ్యో! పోయినాయన్ని తలుచుకుని నోరు జారాడు!" అన్నాడు హైదర్.

ఫిక్రెత్‌కు ఒళ్ళు మండింది. అంత పాడి ఆఖర్లో ఇదేం పని? హారన్ గట్టిగా మోగింది.

"ఓడిపోయావు బాబాయ్. సాజ్ చెతిన్‌ది."

"చివరి చరణం విన్నావా హోజా?"

"విన్నా. నెత్తురూ చూశా. అవతల నాకు బస్సు పోతోంది!"

ముసలాయన పెదవి తుడుచుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

చెతిన్ గోడ మీది సాజ్‌ను కళ్ళకద్దుకుని ఒళ్ళోకి తీసుకున్నాడు. మీటి, మొహం చిట్లించాడు.

"హోజా, ఇదేంటి? తీగలన్నీ అటువి ఇటు కట్టి ఉన్నాయి. ఇది ఎడంచేతివాటం మనిషిది."

ఫిక్రెత్ బల్ల వైపు చూశాడు. ముసలాయన తిరగేసి పట్టుకుని వాయించిన హైదర్ సాజ్ అక్కడ పడి ఉంది.

టోపీ కూడా పెట్టుకోకుండా బయటికి పరుగెత్తాడు. అడుగుల గుర్తులు సగం పూడిపోయాయి, మలుపు దగ్గర అవి కూడా లేవు.

"ఎక్కుతారా లేదా హోజా?" అని అరిచాడు డ్రైవరు.

ఫిక్రెత్ కదల్లేదు.

పెదవి తెగుతుందని తెలిసీ, ఆ ముసలాయన చివరి చరణంలో తన పేరే చెప్పుకున్నాడు.