నియోనేట్

చెప్పీ చెప్పీ కృష్ణకుమారి నోరు ఎండిపోయింది. బుల్లమ్మ మాత్రం గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చుంది.

కోంటా బజారులో బుల్లమ్మది పెద్ద కిరాణా. ఇంట్లోనూ ఆమె మాటే చెల్లుతుంది. కొడుకు నరేష్ వసారాలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. గదిలో చాప మీద మనవరాలు. పుట్టి ఆరు రోజులు. కామెర్ల పచ్చదనం మొహం దాటి, పొట్ట దాటి, అరికాళ్లకు దిగింది. పొద్దున్నుంచి పాలు కూడా సరిగా తాగడం లేదు.

“బిడ్డ నియోనేట్. ఇప్పుడే సుక్మా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి,” అంది కృష్ణకుమారి మళ్లీ.

“పొద్దున్నుంచి అదే మాట. ఏంది ఆ నియోనేటు? రోగమా?”

“రోగం కాదు. పుట్టిన్నాటి నుంచి ఇరవై ఎనిమిది రోజుల దాకా బిడ్డను అట్లనే అంటరు.”

“మేం పసిగుడ్డు అంటం. ఆ మాత్రానికే భయపడాల్నా?”

“మనం ఆర్నెల్ల బిడ్డను కూడా పసిగుడ్డే అంటం. డాక్టర్లు ఈ రోజులకు వేరే పేరు పెట్టింది ఊరికే కాదు. పిల్లలు ఎక్కువగా పోయేది ఈ రోజుల్లోనే. ఆర్నెల్ల బిడ్డకైతే రేపు చూద్దాం అనొచ్చు. వీళ్లకు రేపటిదాకా ఆగొద్దు.”

బుల్లమ్మ చేయి ఒక్క క్షణం ఆగింది. అంతే, మళ్లీ వెల్లుల్లి అందుకుంది.

“అశుభం మాట్లాడకు. నరేష్ పుట్టినప్పుడూ ఇట్లనే పచ్చగున్నడు. పొద్దుటి ఎండల పెడితే తగ్గింది.”

“ఎండ ఏది?”

బయట ముసురు పట్టి ఉంది. బుల్లమ్మ అటు చూడనైనా లేదు.

“నీ సిస్టరు మాటలు అస్పతాల్ల చెప్పుకో. పురుడు తీరకుండ బిడ్డ గానీ, బాలింత గానీ గడప దాటేది లేదు.”

ఈ ముక్క కృష్ణకుమారి ఎన్నో ఇళ్లల్లో విన్నది. భేజ్జి వైపు పల్లెల్లో నర్సుగా తిరుగుతూ, వచ్చీ రాని గోండీలో, చేతులు తిప్పి చెప్పి మరీ ఎందరు తల్లులను బండెక్కించిందో. తన భాషే మాట్లాడే ఈ ఇంట్లో మాత్రం ఆమె మాట పూచికపుల్లతో సమానం. ఒళ్లు మండిపోయింది. ఇక్కడ ఆమెకు నీళ్ల గ్లాసు కూడా చేతికివ్వరు. కింద పెట్టి జరుగుతారు. నరేష్ అయితే గదిలో అడుగే పెట్టడు. బాలింత ఏమంటుందో అడిగే నాథుడే లేడు.

“అమ్మా, ఒకసారి చూపించుకొస్తే ఏమైతది?” అన్నాడు నరేష్, వినపడీ వినపడనట్టు.

“నువ్వు నోరు మూసుకో. పదకొండో రోజు స్నానం కానీ.”

అతను మళ్లీ గోళ్లు కొరకడం మొదలుపెట్టాడు.

కృష్ణకుమారి బిడ్డ అరికాలును వేలితో తట్టింది. ఇంకోసారి, గట్టిగా తట్టింది. పిల్ల ఏడవలేదు, కళ్లు కూడా తెరవలేదు.

ఇంక మాటలతో లాభం లేదనుకుంది.

ఆరు రోజుల కిందట తాను కన్న కూతుర్ని గుండెకు హత్తుకుని, అత్తగారి పీటను దాటుకుని, కృష్ణకుమారి వీధిలోకి దిగింది.