సన్న గొంతు సైలెన్సర్

తలుపు మీద బ్రానక్ ముద్ర ఉన్న పికప్ ట్రక్కు మెకానిక్ షెడ్డు ముందు ఆగేసరికి వెండెల్ చేతిలోని రెంచీ ఆగిపోయింది.

విల్లు మీద నిలబడ్డ బి అక్షరం. పశువుల ఆసామి బ్రానక్ తన మందల తొడల మీద కాల్చి వేసే ముద్ర అదే. అది కనబడితే చాలు, వెండెల్‌కి ఒళ్లు మండుతుంది.

మండదా మరి? కోర్టుకెక్కి వెండెల్ వాళ్ల బావి కాజేసింది ఆ బ్రానకే. టెక్సస్‌లో అటువైపు నీళ్లు లేని నేల ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. బావి పోయిన ఏడాదే వెండెల్ తండ్రి మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు.

తల్లి ఐడెల్లా మాత్రం మిగిలిన కాస్త నేల చెక్కనూ వదిలి ఊళ్లోకి రానంటే రానంది. చూపు మసకబారినా, బ్రానక్ కంచెల మధ్య, మట్టిరోడ్డు చివర, తుపాకీ పక్కన పెట్టుకుని ఒంటరిగా ఉంటోంది. ఆదివారం ఆదివారం వెండెల్ వెళ్లి చూసి వస్తాడు. మిగతా రోజుల్లో కట్టెలూ అవీ చర్చివాళ్లు చూసుకుంటారని అతని ధీమా.

ట్రక్కు దిగినవాడు అరవై దాటిన పశువుల కాపరి. టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. తన సొంత బండి మూలపడితే యజమాని ఈ కొత్తది ఇచ్చాడట. బండి బంగారమే కానీ బొత్తిగా చప్పుడు లేదట. కంపెనీ సైలెన్సర్ తీసేసి ఓ మోస్తరు చప్పుడు చేసేది వేయమన్నాడు.

"కుర్రాళ్ల బండ్లలా ఊరు అదిరిపోనక్కర్లేదు బాబూ. గొంతు మాత్రం బరువుగా ఉండాలి, నా పాత బండిలా."

ఎందుకన్నాడు వెండెల్, మొహం చిట్లించి.

"అక్కడో ముసలి ప్రాణం ఉంది. సన్న చప్పుళ్లు చెవిన పడవు. గేటు దగ్గరికి రాగానే నేనేనని తెలియాలి."

ముసలి బ్రానక్‌కి చెముడని ఊళ్లో తెలియనివాళ్లు లేరు. నౌకరు వస్తున్నట్టు దొరగారికి ముందే తెలియాలి కాబోలు. వెండెల్ అలాగే అనుకున్నాడు.

పైఅరలో పొడుగాటి సైలెన్సర్ ఒకటి ఉంది. పెద్దాయన అడిగిన గొంతు సరిగ్గా దానిదే. వెండెల్ దాన్ని వెనక్కి నెట్టి, ఎవరూ కొనక పడి ఉన్న పొట్టిదాన్ని తీశాడు. అది కందిరీగలా సన్నగా రొద పెడుతుంది.

బ్రానక్ ముద్ర వేసుకున్న బండి బజారు మధ్యలోంచి కందిరీగలా ఏడుస్తూ పోవాలి. ఊరంతా నవ్వాలి. ఆ చెవిటివాడికి మాత్రం ఎందుకు నవ్వుతున్నారో తెలియకూడదు. వెల్డింగ్ చేస్తున్నంతసేపూ వెండెల్ కడుపు చల్లగా ఉంది.

పెద్దాయన ఇంజన్ తిప్పి, తల వంచి విన్నాడు.

"కాస్త సన్నగా ఉందేం బాబూ?"

"కొత్తది కదండీ. నాలుగు రోజులు తిరిగితే గొంతు అదే దిగుతుంది" అన్నాడు వెండెల్, కళ్లలోకి చూడకుండా.

పెద్దాయన నమ్మాడు. వెళ్తూ చెయ్యి కలిపి, మీ నాన్నగారి చెయ్యి కూడా ఇంత గట్టిగానే ఉండేదన్నాడు. బ్రానక్ మనిషి నోట తండ్రి మాట వినలేక వెండెల్ చెయ్యి లాగేసుకున్నాడు.

ఆదివారం తల్లి దగ్గరికి వెళ్లాడు. అతని బండి సైలెన్సర్ అతను స్వయంగా బిగించుకున్నది, గేటుకి అంత దూరాన ఉండగానే బొంగురుగా మోగుతుంది. ఆ దారిలో చడీచప్పుడు లేకుండా వాకిట్లోకి వచ్చేవాడు దొంగ కిందే లెక్క.

ఐడెల్లా వరండాలో కూర్చుని ఉంది. ఒళ్లో తుపాకీ, మొహంలో వెలుగు.

"ఒరేయ్ వెండెల్, మీ నాన్న పగ తీర్చాన్రా."

గురువారం పొద్దువాలే వేళ ఎవడో వచ్చాడట. బండి వస్తున్న అలికిడే లేదట. తలెత్తేసరికి వాకిట్లో ఉన్నాడట. మనిషి ఆనవాలు పట్టలేకపోయినా తలుపు మీది ఆ దిక్కుమాలిన ముద్ర మాత్రం ఎంత మసకలోనైనా పోల్చుకుందట.

"ఏదో చెబుతూనే ఉన్నాడు, నాకు వినపడితేగా. మొదటిది గాల్లోకి కాల్చాను. అయినా ముందుకే వచ్చాడు. రెండోది గాల్లోకి కాదు."

వెండెల్ ఆమె ఒళ్లోంచి తుపాకీ తీసి పక్కన పెట్టాడు. తగిలిందా అని అడిగాడు.

"భుజం పట్టుకుని పోయాడు. షెరీఫ్ కూడా రాలేదు. వెళ్లి చెప్పుకోవడానికి వాడికి మొహం ఉండాలిగా."

ఆమె నవ్వి, పొయ్యిలోకి కట్టెలు నిండుకున్నాయి, కాసిని కొట్టి పెట్టమంది.

"చర్చివాళ్లు వేసి వెళ్తారుగా?"

"చర్చివాళ్లెవర్రా, నీ మొహం. ఆయనెవరో పెద్దమనిషి. ఎప్పుడో మండుటెండలో మీ నాన్న మన బావి నీళ్లు తాగించాడట. అది గుర్తుపెట్టుకుని చలికాలమంతా మోపులు మోసుకొచ్చి పేరుస్తాడు. పేరడిగితే నవ్వుతాడు. గేటు దగ్గర ఆ బండి బరువు గొంతు వినపడగానే నేను కాఫీ పెడతాను."

ఆమె మెడ సాచి రోడ్డువైపు చెవి ఒగ్గింది.

"ఈమధ్య రావడం లేదురా. నీ చెవులు మంచివి కదా, కాస్త విని చెప్పు."

వెండెల్ మెట్లు దిగాడు. గేటుకీ వరండాకీ మధ్య, తల్లి మసక చూపుకి నేలలో కలిసిపోయే చోట, వస్తూ తను కూడా గమనించకుండా దాటేసిన చోట, మనిషి చేతుల్లోంచి ఒక్కసారిగా జారిపోయినట్టు మోపెడు కట్టెలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.